ఉద్యోగం చేస్తూ, ఎక్కడికీ వెళ్లకుండా కథలు రాయగలమా?

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. ఉద్యోగం చేసుకుంటూ కథలు రాసేవాళ్ల రోజు ఎలా గడుస్తుంది? ప్రయాణాలు చేసే వీల్లేని మనిషికి కథలు ఎక్కడి నుంచి వస్తాయి? రెండేళ్లుగా నోట్‌బుక్కులో రాసుకుంటున్నవాటిలో ఒక్కటి కూడా ఎందుకు కథ కావడం లేదు? నేను 24 ఏళ్లుగా కథలు రాస్తున్నాను, ఆ కాలమంతా ఉద్యోగంలోనే ఉన్నాను. మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండింటి జవాబులో సగం అక్కడే ఉంది.

మీ నోట్‌బుక్కు వృథా కాలేదు. అందులో ఉన్నవి సగం సగం కథలు, అంతే. చూసిన సంఘటన మనల్ని ఎంత కదిలించినా అదొక్కటే కథ కాదు. దానితో ఏ సంబంధమూ లేని ఇంకో సంగతి, ఒక్కోసారి ఏళ్ల తరవాత, వచ్చి దానికి తగలాలి. అప్పుడు మనలో ఒక ప్రశ్న పుడుతుంది. కథాబీజం అంటే ఆ ప్రశ్నే. ఇది అర్థం కావడానికి నాకు దాదాపు పదేళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒకసారి మావాళ్ల కోసం రెండు రాత్రులు ఆస్పత్రి వరండాలో ఉండాల్సి వచ్చింది. ఎదురు బెంచీ మీద ఒక పెద్దాయన తన భార్య కళ్లద్దాలు తుడుస్తూ కూర్చున్నాడు. ఆవిడ లోపల ఐసీయూలో ఉంది. తుడవడం అయ్యాక అద్దాల్ని లైటుకేసి పెట్టి చూసేవాడు. మళ్లీ చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టేవాడు. ఆ రాత్రే నాలుగు లైన్లు రాసుకున్నాను. ఇంటికొచ్చాక కథ రాద్దామని కూర్చుంటే మూడు పేజీల దగ్గర ఆగిపోయింది. జాలి తప్ప అందులో ఏమీ లేదు. ఆయన బాధలో ఉన్నాడని పాఠకుడికి మొదటి పేరాలోనే తెలిసిపోతుంది, ఆ తరవాత చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆరేళ్లు గడిచాయి. ఒక రైలు ప్రయాణంలో నా వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ ఇల్లు అమ్మేసిన సంగతి చెబుతోంది. "అన్నీ అప్పజెప్పేశాం. తాళంచెవి ఒక్కటే ఆయన ఇవ్వలేదు. వాళ్లు తాళం మార్చేసుకున్నారులే" అంది. చాలా మామూలుగా అంది. వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ వరండాలో పెద్దాయన గుర్తొచ్చాడు. భార్య పోయాక ఆయన కూడా ఇల్లు అమ్మేసి ఉంటే? పనికిరాని తాళంచెవి జేబులో వేసుకుని ఆ గేటు దగ్గరికి వస్తూ ఉంటే? తాళం మారిందని ఆయనకు తెలుసా, తెలియదా? ఆరేళ్లుగా లేని ప్రశ్న అప్పుడు దొరికింది.

ప్రశ్న దొరికాక కూడా కథ తేలిగ్గా రాలేదు. మొదట ఆ పెద్దాయన కొడుకు వైపు నుంచి రాశాను. కొడుక్కి అన్నీ తెలుసు కాబట్టి ప్రశ్న అక్కడే చచ్చిపోయింది. పెద్దాయన వైపు నుంచి రాస్తే మళ్లీ జాలిలోకి జారింది. మూడోసారి ఆ ఇల్లు కొన్నావిడ వైపు నుంచి రాశాను. తాళం మార్పించింది ఆవిడే. సాయంత్రం పూట గేటు దగ్గర నిలబడే మనిషి ఎవరో ఆవిడకు తెలియదు. ముందు భయపడుతుంది, తరవాత కోప్పడుతుంది, కొన్నాళ్లకు తనే వేరేవాళ్ల ఇంట్లో ఉంటున్నట్టు అనిపించడం మొదలవుతుంది. అప్పుడు కథ నడిచింది. నాలుగో ప్రతిలో కళ్లద్దాల సన్నివేశం పూర్తిగా తీసేశాను. ఏ దృశ్యం నన్ను ఆరేళ్లు వదల్లేదో అది అచ్చయిన కథలో లేదు. తీసేసేటప్పుడు మనసొప్పలేదు. కానీ అది ఉంటే పాఠకుడు మొదటి పేజీలోనే కన్నీళ్లకు సిద్ధమైపోతాడు, ఇల్లు కొన్నావిడ భయాన్ని పట్టించుకోడు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, మీ ప్రశ్న చదివితే మీరు రాసుకుంటున్నారు గానీ రాసుకున్నది మళ్లీ చదవడం లేదేమో అనిపించింది. నేను నోట్‌బుక్కులో ఎడమ పేజీలోనే రాస్తాను. కుడి పేజీ ఖాళీగా వదిలేస్తాను. నెలకోసారి పాత నోట్‌బుక్కు ఒకటి తీసి మొదటి నుంచి చదువుతాను. ఏదైనా లైను దగ్గర ఇంకో సంగతి గుర్తొస్తే కుడి వైపు రాస్తాను. చాలా కుడి పేజీలు ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంటాయి. నిండిన పేజీ దగ్గర మాత్రం నేను ఆగుతాను.

రాసుకునే తీరు కూడా ముఖ్యం. "బస్టాండులో ఒక ముసలాయన దీనంగా కనిపించాడు" అని రాసుకుంటే అయిదేళ్ల తరవాత దానితో ఏమీ చేయలేరు. దీనంగా అన్నది మీ తీర్పు. ఆయన మనిషిగా ఆ వాక్యంలో లేడు. "చొక్కా గుండీలు ఒక కాజా తప్పి పెట్టుకున్నాడు, పక్కనున్నవాళ్లు చూశారు గానీ చెప్పలేదు" అని రాసుకోండి. అప్పుడు ఆయనా ఉంటాడు, పక్కనున్నవాళ్లూ ఉంటారు. ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. విన్న మాటల్ని కూడా విన్నట్టే రాసుకోండి, బాగుచేయకండి. పైన రైలు మాటలో "లే" అన్న ఒక్క అక్షరంలో ఆవిడ విసుగూ, సర్దుబాటూ రెండూ ఉన్నాయి. దాన్ని నేను "వాళ్లు తాళం మార్చుకున్నారు" అని రాసుకుని ఉంటే ఆ గొంతు పోయేది. ఒక విషయంలో మాత్రం నేను పట్టుగా ఉంటాను: చూసిన రోజు రాత్రికే రాయాలి. మర్నాటికి మన జ్ఞాపకం ఆ సంఘటనను మనకు అనుకూలంగా సర్దేసుకుంటుంది.

కథ ఆలస్యంగా వస్తోందని టెన్షన్ పడకండి. ఇంగ్లిష్ నవలా రచయిత జోసెఫ్ కాన్రాడ్ 1890లో కాంగో నది మీద స్టీమరులో పనిచేశాడు. ఆ అనుభవంలోంచి వచ్చిన ఆయన ప్రసిద్ధ నవలిక "హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్" పత్రికలో వెలువడింది 1899లో. మధ్యలో ఆయన ఊరికే కూర్చోలేదు, వేరే పుస్తకాలు రాశాడు. మీరూ అంతే చేయాలి. ఒక సంగతి పండే లోపు ఇంకోటి రాస్తూ ఉండాలి.

ఇక ప్రయాణాలు. ప్రయాణం వల్ల రచయితకు లాభం లేదని నేను అనను. కొత్త చోట మనకు వస్తువుల పేర్లు తెలియవు, ఏది ముఖ్యమో ఏది కాదో తెలియదు. అందుకని అన్నింటినీ చూస్తాం. ఇంటి దగ్గర పదేళ్లుగా రోజూ దాటే గోడ రంగు అడిగితే చెప్పలేం, కొత్త ఊళ్లో ఒక్కసారి చూసిన గోడ రంగు చెబుతాం. ప్రయాణం ఇచ్చే గొప్ప వరం ఆ చూపే. ఇంటికి తిరిగొచ్చాక కూడా అది కొన్నాళ్లు మన దగ్గర ఉంటుంది. నేను ఎక్కడికైనా వెళ్లొచ్చిన మొదటి వారం మా వీధినే నడిచి చూస్తాను. నా మంచి కథల్లో రెండు అలాంటి వారాల్లోనే మొదలయ్యాయి. నేను వెళ్లొచ్చిన చోటికీ ఆ కథలకూ ఏ సంబంధమూ లేదు.

అయితే ఎక్కువ తిరిగితే ఎక్కువ కథలు వస్తాయన్నది నిజం కాదు. రష్యన్ కథా రచయిత చెహోవ్ వృత్తిరీత్యా డాక్టరు. 1890లో రైళ్లలో, పడవల్లో, గుర్రపు బళ్ల మీద రష్యా అంతా దాటి అప్పట్లో ఖైదీల్ని ఉంచే సఖాలిన్ ద్వీపానికి వెళ్లాడు. అక్కడ మూడు నెలలుండి, ఖైదీల దగ్గరికీ అక్కడ స్థిరపడ్డవాళ్ల దగ్గరికీ స్వయంగా వెళ్లి జనాభా లెక్కల కార్డులు వేల సంఖ్యలో నింపాడు. ఆ ప్రయాణం నుంచి వచ్చిన ముఖ్యమైన పుస్తకం కథల సంపుటి కాదు, ఆ ద్వీపం జీవితం మీద వివరమైన అధ్యయనం. అది 1895లో పుస్తకంగా వచ్చింది. సఖాలిన్ నేపథ్యంగా ఆయన రాసిన కథలు చాలా కొద్ది. మిగిలిన వందల కథలు తన చుట్టూ ఉన్న డాక్టర్లు, టీచర్లు, గుమాస్తాలు, రైతుల గురించే. అంత దూరం వెళ్లగలిగిన మనిషి కూడా కథ కోసం దగ్గరివాళ్లనే చూశాడు.

ప్రయాణంలో ఏం రాసుకోవాలో నేర్చుకోవాలంటే మనకు ఏనుగుల వీరాస్వామి ఉన్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే మాటలు అనువదించే ఉద్యోగిగా, పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. దారిలో చూసిందంతా రాసి స్నేహితుడికి పంపాడు. ఆయన పోయాక 1838లో అది పుస్తకంగా అచ్చయింది. మజిలీకీ మజిలీకీ మధ్య దారి ఎలా ఉంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, బస ఎక్కడ, ఏ సరుకు ఎక్కడ దొరుకుతుంది, జనం ఎలా మాట్లాడతారు, ఇవన్నీ అందులో ఉన్నాయి. "అందమైన దృశ్యం" లాంటి మాటలతో సరిపెట్టుకుని ఉంటే దాదాపు రెండు వందల ఏళ్ల తరవాత మనం దాన్ని తెరిచేవాళ్లం కాదు. మీరు పక్క ఊరికి వెళ్లినా సరే, అక్కడ పని చేసేవాళ్లు తమ పనిముట్లను ఏమని పిలుస్తారో అడిగి రాసుకోండి. ఆ ఒక్క మాటతో పాత్ర నిలబడుతుంది.

ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టం. జపాన్ కవి బషో 1689లో శిష్యుడు సోరాతో కలిసి నెలల తరబడి ఉత్తర దిశగా నడిచాడు. ఆ యాత్రా గ్రంథాన్ని దాదాపు అయిదేళ్లు చెక్కుతూనే ఉన్నాడు. సోరా కూడా ఏ రోజు ఎక్కడ ఉన్నారో, వాతావరణం ఎలా ఉందో తన డైరీలో రాసుకున్నాడు. ఆ డైరీ 1943లో వెలుగులోకి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బషో కొన్ని సంఘటనల్ని మార్చాడని, కొన్ని కల్పించాడని తేలింది. నేను మొదటిసారి ఇది తెలుసుకున్నప్పుడు మోసపోయినట్టు అనిపించింది. తరవాత, నా తాళంచెవి కథ అయ్యాక అర్థమైంది. నోట్‌బుక్కు సోరాలా రాయాలి. కథ బషోలా రాయాలి. నోట్‌బుక్కులోనే కల్పించడం మొదలుపెడితే తరవాత మార్చడానికి అసలు సంగతే ఉండదు. కథలో కూడా జరిగింది జరిగినట్టే రాస్తానంటే అది సాక్ష్యం అవుతుంది గానీ కథ కాదు. "కానీ నిజంగా అలాగే జరిగింది" అనే సమర్థన కొత్త రచయితల దగ్గర చాలాసార్లు విన్నాను. పాఠకుడికి ఆ సమర్థన అందదు.

ఎక్కడికీ వెళ్లలేని మనిషి ఏం చేయాలి? ఇంగ్లిష్ నవలా రచయిత స్టీవెన్‌సన్ 1881లో స్కాట్లండ్‌లో ఒక ఇంట్లో ఉన్నాడు. బయట వాన. సవతి కొడుకుతో కలిసి సరదాగా ఒక ఊహా ద్వీపం మ్యాపు గీసి రంగులు వేశాడు. ఆ మ్యాపును చూస్తుంటే అందులోంచి మనుషులు బయటికి వచ్చారని ఆయనే తరవాత రాశాడు. నిధి వెతుకులాట గురించిన ఆ నవల, "ట్రెజర్ ఐలండ్", పదిహేను రోజుల్లో పదిహేను అధ్యాయాలు వచ్చింది. పసిఫిక్ ద్వీపాల వైపు ఆయన ఓడ ఎక్కింది మాత్రం 1888లో. పదహారో అధ్యాయం దగ్గర ఆగిపోయాడన్నది కూడా గుర్తుపెట్టుకోండి. కొంతకాలం తరవాత వేరే ఊళ్లో మళ్లీ పట్టుకుని పూర్తి చేశాడు.

నేను ఆయన పద్ధతిని ఇంకో రకంగా వాడతాను. కథ రాసే ముందు పాత్రలుండే ఇంటి ప్లాన్ కాగితం మీద గీస్తాను. వంటగదిలో నిలబడితే వీధి తలుపు కనిపిస్తుందా, కనిపించదా? కనిపించకపోతే ఎవరో వచ్చిన సంగతి ఆవిడకు ఎలా తెలుస్తుంది? గేటు చప్పుడు వినిపించాలి. తాళంచెవి కథలో గేటు కిర్రుమనే చప్పుడు అలా వచ్చింది, కథ సగం దాని మీదే నడిచింది. ప్లాన్ గీయడానికి పావుగంట చాలు. రెండు మూడు రోజులు రాసి కొట్టేసుకునే పని తప్పుతుంది.

రోజు ఎలా గడుస్తుందని అడిగారు. దీని గురించి చెప్పడానికి అంత ఎక్కువ లేదు. పొద్దున 5 నుంచి 6:30 వరకు రాస్తాను. మొదటి ఇరవై నిమిషాలు నిన్న రాసింది చదువుతాను. మంచి రోజున 300 పదాలు వస్తాయి. రాని రోజున కూడా కుర్చీలోంచి లేవను, ఫోన్ వేరే గదిలో ఉంటుంది. తరవాత ఆఫీసు. సాయంత్రం చదువు. ఆదివారం ఆ వారం రాసినదంతా పైకి చదువుతాను, నాలుక తడబడిన చోటల్లా గీత పెడతాను. ఒక కథకు సగటున రెండు మూడు నెలలు పడుతుంది. మొదలుపెట్టిన పదింటిలో మూడో నాలుగో ఎప్పటికీ పూర్తి కావు.

ఇంగ్లిష్ నవలా రచయిత ఆంథొనీ ట్రాలప్ పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూ పొద్దున 5:30కే బల్ల దగ్గర కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడు. జీవితంలో 47 నవలలు రాశాడు. జర్మన్‌లో రాసిన రచయిత కాఫ్కా ప్రమాద బీమా సంస్థలో మధ్యాహ్నం 2 దాకా పనిచేసి రాత్రుళ్లు రాసేవాడు. 1912 సెప్టెంబర్ 22 రాత్రి 10కి కూర్చుని తెల్లారి 6 దాకా ఒక్క బిగిన ఒక కథ రాశాడు. ఆయన మూడు నవలలు మాత్రం అసంపూర్తిగానే మిగిలాయి. ఈ ఇద్దరిలో ఎవరి పద్ధతి మంచిదని అడిగితే చెప్పలేను. మీ ఒంటికి ఏ వేళ పడుతుందో రెండు నెలలు ప్రయత్నిస్తే మీకే తెలుస్తుంది. వేళ ఏదైనా, రోజూ అదే వేళ కావాలి. "ఖాళీ దొరికినప్పుడు రాస్తాను" అన్నవాళ్లలో చాలామంది రాయడం మానేయడం చూశాను. వాళ్లలో నాకంటే బాగా రాసేవాళ్లు ఉన్నారు, అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఉద్యోగాన్ని అడ్డంకిగా చూడకండి. ఉద్యోగం వల్ల మనకు ఇష్టం లేని మనుషులతో కూడా రోజూ మాట్లాడాల్సి వస్తుంది. ఇంట్లో కూర్చుని రాసే మనిషికి ఆ అవకాశం ఉండదు. మనుషులు సెలవు అడిగేటప్పుడు ఎలా మాట్లాడతారు, తప్పు తమది కానప్పుడు ఎలా మాట్లాడతారు, తమదే అయినప్పుడు ఎలా మాట్లాడతారు, ఇదంతా నాకు ఆఫీసు నేర్పింది.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, కానీ చెప్పాలి. దగ్గరివాళ్ల జీవితం నుంచి కథ తీసుకునేటప్పుడు జాగ్రత్త. చాలా ఏళ్ల క్రితం మా బంధువుల్లో ఒకావిడ జీవితంలో జరిగిన సంగతి తీసుకుని, పేరూ ఊరూ మార్చి కథ రాశాను. మార్చాను కదా అనుకున్నాను. ఆవిడ చదివింది. "నేను నీకు చెప్పుకున్నది కథ రాయడానికి కాదు కదా" అంది. నాకు జవాబు లేదు. రెండేళ్లు మా ఇంటికి రాలేదు. తప్పు నాదే. పేరు మారిస్తే సరిపోదు, సంఘటన ఎముకలగూడే మారాలి. ఎవరికి జరిగింది, ఎందుకు జరిగింది, ఎలా ముగిసింది, ఈ మూడింటిలో కనీసం రెండు మారాలి. ఆ మార్పు వల్ల కథ పాడవుతుందని మొదట్లో భయపడేదాన్ని. నిజానికి బాగుపడుతుంది. మారిస్తే తప్ప ఆ సంఘటనలో మనల్ని అసలు ఏది పట్టుకుందో తెలియదు. నమ్మి చెప్పుకున్న రహస్యమైతే ఎంత మార్చినా రాయను. అది నా నియమం, మీ నియమం మీరు పెట్టుకోండి. కానీ రాయడానికి ముందే పెట్టుకోండి.

ఇప్పుడు మీరు చేయగలిగిన పని ఒకటుంది. రెండేళ్ల నోట్‌బుక్కు ఉందన్నారు కదా. ఈ వారం కొత్తగా ఏమీ రాయకుండా, రోజుకు కొన్ని పేజీల చొప్పున దాన్నంతా చదవండి. ఎందుకు రాసుకున్నారో ఇప్పటికీ అర్థం కాని లైన్లు కొన్ని కనిపిస్తాయి. అర్థమైపోయినవాటిని వదిలేసి, ఆ అర్థం కానివాటిని మాత్రం ఒక కాగితం మీదికి ఎక్కించండి. వాటిలో ఏ రెండింటినైనా పక్కపక్కన పెట్టి, మొదటి లైనులో ఉన్న మనిషి రెండో లైనులోకి నడిచి వస్తే ఏమవుతుందో ఒక పేజీ రాయండి. కుదరకపోతే ఇంకో రెండు తీసుకోండి. ఒక పేజీ నడిచిందంటే, ఆ తరవాత ఎక్కడ ఆగిందో చెప్పండి. దృష్టికోణం మార్చాలా, ఇంకా ఆగాలా అన్నది అప్పుడు చూద్దాం.